మేస్త్రి తల ఊపిన రోజు

వంటింటి గోడకు ఆకుపచ్చ రంగు వేయించాలని ఆ ఇంట్లో ఎవరూ కోరుకోలేదు. అయినా గోడ ఆకుపచ్చగానే ఉంది. రంగులు వేసే మనిషి మూతికి మాస్కు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఇంటాయన మేస్త్రిని ఏదో అడిగాడు. మేస్త్రి తల ఊపాడు. ఆయన భార్య మడతలక్క బజారు నుంచి తిరిగి వచ్చేసరికి చిలక రెక్క లాంటి రంగు గోడ నిండా ఆరుతూ ఉంది. నీళ్ళు వడగట్టే యంత్రం ఆ ఇంటికి వచ్చిందీ ఆ విధంగానే. పక్క వాటా వాళ్ళు ఊరికి వెళుతూ తమ పిల్లిని చూసుకోమని అడిగినప్పుడూ ఆయన అంతే గంభీరంగా తల ఊపాడు. ఆ పిల్లి ఇప్పుడు మడతలక్క కుర్చీలో పడుకుంటుంది.

మేస్త్రి ఆయుష్షులో సగానికి పైగా బట్టల మిల్లు మగ్గాల షెడ్డులోనే గడిచింది. వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే ఆ మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. అందుచేత ఆ షెడ్డులో ప్రతివాడూ ఎదుటివాడి పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటాడు. పోగు తెగిందన్నా, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి పడిందన్నా, భోజనం డబ్బా మరిచిపోయానన్నా అంతా పెదవుల మీదనే. చెవి చేయవలసిన ఊడిగం కన్ను చేస్తుంది. అలా చేయగా చేయగా చెవి తన కొలువు మానుకుని ఎప్పుడు వెళ్ళిపోయిందో మేస్త్రికి తెలియలేదు. తెలిసిన తరువాత ఒప్పుకోలేదు.

మడతలక్క పని ఆ మిల్లులోనే, కాని గోడకు ఇవతల, నేసిన బట్టను మడతలు పెట్టే గదిలో. అది ప్రశాంతమైన చోటు. ఆ పని వల్లనే ఆమెకు ఆ పేరు స్థిరపడింది. చెవులు నిక్షేపంగా మిగిలాయి. మగ్గాల మనిషిని చేసుకున్నందువల్ల పెదవుల మాట మాత్రం ఆమెకు పట్టుబడింది. భార్యాభర్తలు నోరు కదుపుతూ, గొంతు విప్పకుండా పోట్లాడుకునేవారు. చిన్నప్పుడు కొడుకు దాన్ని చూసి, అమ్మా నాన్నా ఎంత సఖ్యంగా ఉంటారో అని పదిమందికి చెప్పేవాడు.

"నా చెవులకేం, లక్షణంగా ఉన్నాయి. జనమే నోట్లో నోట్లో గొణుగుతున్నారు" అనేది మేస్త్రి సిద్ధాంతం. పెదవులు కనబడినంత కాలం ఆ సిద్ధాంతానికి ఢోకా లేకపోయింది. ఒకనాడు బ్యాంకులో, అద్దం వెనక తల వంచుకుని మాట్లాడుతున్న గుమాస్తాతో మడతలక్క, "ఆయనకి వినపడదు బాబూ, కాస్త తలెత్తి చెప్పు" అన్నది. ఆ మాట అన్నందుకు మేస్త్రి ఒక వానాకాలమంతా ఆమెతో మాట్లాడలేదు. పెట్టినది తిన్నాడు, ఇచ్చినది తాగాడు, మాట మాత్రం లేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ మాట నిషిద్ధం.

అటువంటి సమయంలో లోకాన్ని మహమ్మారి చుట్టుముట్టింది. భగవంతుడు ఆయన చెవులు తీసుకుని కన్నులను కరుణించి విడిచిపెడితే, మనుషులు వచ్చి మూతులు కట్టేసుకున్నారు. ఒక్క రోజులో లోకమంతా మేస్త్రికి మూగదయిపోయింది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరేమడిగినా తల ఊపడం మొదలుపెట్టాడు. అందరికీ అంగీకారమే కావాలి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఎంత మంచి మనిషి, దేనికీ కాదనడు అన్నారు.

టీకాలు వచ్చాయన్న కబురు తెలిసిన నాటి నుంచి మడతలక్క మనసు మనసులో లేదు. నూలు దుమ్ము పీల్చి పీల్చి మేస్త్రి ఊపిరితిత్తులు పాత దూదిదిండులా గట్టిపడి ఉన్నాయి. ఎప్పుడూ చూపించుకునే ఛాతీ డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, ఈ జబ్బు ఈయనకు తగిలితే మందు వేసే వ్యవధి కూడా ఉండదని చెప్పేశాడు. ఇంట్లో కూర్చోబెడదామంటే ఆయన కూర్చునే రకం కాదు. ఉదయం లేస్తే వీధి చివర పాత స్నేహితుల అరుగు మీద ఉంటాడు.

టీకా సమయం కోసం కోడలు ఫోను పట్టుకుని భగీరథ ప్రయత్నం చేసింది. తెల్లవారకుండా లేచి నొక్కేది, అన్నం కలుపుతూ నొక్కేది. ఖాళీ ఉందని కనిపించేది, నొక్కేలోగా మాయమయ్యేది. చివరికి ఒకనాడు ఇద్దరికీ పక్కపక్కనే సమయం దొరికింది.

"అత్తయ్యా, ఇది పోతే మళ్ళీ ఎప్పుడో నాకు తెలీదు. సరుకు రావట్లేదంట. ఏం చేస్తారో, ఎలా చేస్తారో, మామయ్యకి సూది పడాలి" అన్నది కోడలు.

"నేను తీసుకెళ్తానుగా."

"తీసుకెళ్ళటం కాదత్తయ్యా. లోపల ఆయన నోరు విప్పాలి."

 మడతలక్క భయమూ అదే.

* * *

టీకాలు వేసే చోటు ఒక బడి. పిల్లలు రాక చాలా కాలమైంది; నల్లబల్ల మీద ఎవరో సగం వేసి వదిలిన త్రిభుజం అలాగే ఉంది. పొడుగాటి గదిని తాడు కట్టి రెండు భాగాలు చేశారు. తాడుకు ఇవతల పిల్లల బెంచీల మీద పెద్దలు మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని ఉన్నారు. అవతల ఒక బల్ల దగ్గర కంప్యూటరు అమ్మాయి, ఆ పక్కన ప్రశ్నలడిగే నర్సు, ఆ వెనక తెర చాటున సూది. ఒక్కొక్కరినే తాడు దాటించాలన్నది నియమం. ఆ నియమానికి కాపలా గేటు మనిషి. ఆయన చేతిలో ఒక కర్ర ఉంది. దానితో ఎవరినీ కొట్టడు కాని, అందరి మాస్కులనూ దానితోనే చూపిస్తాడు.

"అమ్మా, ముక్కు మీదికి. పైకి. ఇంకా పైకి."

"ఊపిరాడద్దా నాయనా?"

"బయట ఆడద్దనే కదమ్మా గొడవంతా."

మొదట మేస్త్రి పేరు పిలిచారు. ఆయనకు వినపడలేదు. మడతలక్క మోచేత్తో పొడిచింది. ఆయన అప్పుడే లేవబోతున్నవాడిలా చొక్కా సర్దుకుని లేచాడు.

"నేను కూడా వస్తాను. ఆయన ఒక్కరే..." అన్నది మడతలక్క.

"చిన్నపిల్లాడా అమ్మా ఆయన? కూర్చోండి" అన్నాడు గేటు మనిషి.

ఆమె కూర్చుంది. అక్కడికి నర్సు గొంతు స్పష్టంగానే వినపడుతోంది. పొద్దున్నుంచీ అవే ప్రశ్నలు అడిగి అడిగి ఆ గొంతు అరిగిపోయింది. అర్థం చేసుకోవడానికి కాక, అప్పజెప్పడానికి పాఠం చదివే పిల్లవాడి ధోరణి దానిది. ముఖానికి మాస్కు, మాస్కు మీద అద్దం లాంటి రేకు. మేస్త్రి కన్నులు ఆ రేకు మీద ఆగి, దిక్కు తెలియక, ఆమె కనుబొమల దగ్గర స్థిరపడ్డాయి.

"ఈ మధ్య జ్వరమొచ్చిందా?"

మేస్త్రి తల ఊపాడు.

"దగ్గు, ఒళ్ళునొప్పులు?"

ఊపాడు.

"ఇంట్లో ఎవరికైనా కరోనా ఉందా?"

అది కూడా ఉన్నట్టే ఊపాడు. నర్సు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"ఏ మందైనా పడక ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా?"

ఈసారి ఆయన తల ఊపడమే కాక చిరునవ్వు కూడా నవ్వాడు. మాస్కు చాటున నవ్వు ఎవరికీ కనబడదన్నది ఆయన మరిచిపోయాడు. మడతలక్కకు మాత్రం ఆ నవ్వు కన్నుల కొసల్లో కనబడింది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నర్సు డాక్టరును పిలిచింది. డాక్టరు కుర్రవాడు; నిద్ర లేని కన్నులు. రెండు మాటలు విని, చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. మేస్త్రి ఎంతో మర్యాదగా ఆయనకు నమస్కారం పెట్టి, తాడు దాటి వచ్చి, భార్య పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నారు?" అని మడతలక్క మాస్కు కిందికి లాగి పెదవులతో అడిగింది.

"మళ్ళీ రమ్మన్నారు."

"ఎప్పుడు?"

"మళ్ళీ. ఏముంది, వాళ్ళకీ పని ఎక్కువగా ఉంది పాపం."

"అమ్మా, మాస్కు" అన్నది కర్ర.

ఆమె మాస్కు పైకి లాక్కుని గేటు మనిషి దగ్గరికి వెళ్ళింది. "బాబూ, మా ఆయనకి జ్వరం లేదు. దగ్గు కూడా ఎప్పుడూ ఉండే మామూలు దగ్గే. మా ఇంట్లో ఎవరికీ ఏ రోగం లేదు. ఇంకొక్కసారి అడగమను."

"ఆయనే ఒప్పుకున్నారు కదమ్మా."

"ఆయన దేనికైనా ఒప్పుకుంటారయ్యా."

"అదేంటి?"

అదేమిటో చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీద నుంచి మేస్త్రి ఆమెనే చూస్తున్నాడు. మూతి కనబడకపోయినా భార్య వీపు చూసి ఆమె ఏ మాట అనబోతున్నదో చెప్పగలిగేటంత కాపురం చేశాడాయన. ఆ చూపులో వేడుకోలు లేదు, బెదిరింపే ఉంది: ఆ మాట అన్నావో, నేను ఇంటికి నడుస్తాను. ఆయన నిజంగా నడిచిపోతాడని ఆమెకు తెలుసు. సూది లేదు, మాట లేదు, ఇంకో వానాకాలం.

"కంగారు పడ్డారు" అని మింగేసింది ఆమె. "పెద్దవారు కదా."

గేటు మనిషి విసుక్కుంటూనే లోపలికి వెళ్ళాడు. డాక్టరు వచ్చి జ్వరం చూసే యంత్రం నుదుటికి గురిపెట్టాడు. జ్వరం లేదు. వేలికి క్లిప్పు పెట్టి చూశాడు. అది చూపిన సంఖ్య ఆయనకు అంతగా నచ్చలేదు కాని ఫరవాలేదన్నాడు. "సరే, కాసేపాగి ఈయన్ని మళ్ళీ పిలుస్తాం, ఆ తరువాతే మీ పేరు. ఈసారి సరిగ్గా చెప్పమనండి."

మడతలక్క భర్తను వరండాలోకి తీసుకువెళ్ళి, స్తంభం చాటున నిలబెట్టి, మాస్కు దించింది. ఆయన అభిమానం మీద దెబ్బ తగలకుండా పని జరగాలి. నట్టింట్లో పడుకున్న పసిబిడ్డను దాటుతూ పెట్టె మోసుకెళ్ళినంత జాగ్రత్తగా మొదలుపెట్టింది.

"వాళ్ళు అడిగేవన్నీ రోగాలేనండీ. అది ఉందా, ఇది ఉందా అని. మీకేం ఉంది? ఏ రోగం లేదు. అందుకని ఏమడిగినా లేదనండి."

"నాకు తెలుసులే."

"లేదు అనండి. నోరు తిరగకపోతే తల ఇలా అడ్డంగా ఊపండి."

"ఇందాక కూడా అదే చెప్పాను. ఆ పిల్లకే అర్థం కాలేదు."

"సరే, ఈసారి అర్థమయ్యేట్టు ఊపండి."

"నాకు పాఠాలు చెప్పకు" అన్నాడు మేస్త్రి. అని, ఎవరూ చూడటం లేదనుకుని, తలను రెండుసార్లు అడ్డంగా ఊపి సాధన చేసుకున్నాడు. అది చూసి ఆమెకు కోపంతో పాటు జాలి కూడా వేసింది. దాన్ని కోపంలోనే కలిపేసుకుంది.

* * *

రెండోసారి పిలిచేసరికి ఎండ కిటికీ దిగి బెంచీల మీదికి వచ్చింది. మేస్త్రి వెళ్ళి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఈసారి యుద్ధానికి సన్నద్ధుడై వచ్చాడు.

"జ్వరం?"

అడ్డంగా ఊపాడు.

"దగ్గు?"

అడ్డంగా.

"మందులు ఏవైనా పడకపోవటం?"

అడ్డంగా, మరింత బలంగా. మడతలక్క ఊపిరి పీల్చుకుంది. పక్కనే గొడుగు పట్టుకుని కూర్చున్న పెద్దమనిషితో, "మా ఆయన" అని కూడా చెప్పుకుంది.

"ఇది మీ పేరేనా?" అని నర్సు తెర మీదికి వేలు చూపించింది.

కాదన్నాడు మేస్త్రి.

నర్సు వేలు గాలిలోనే ఆగిపోయింది. "తాతగారూ, ఈ టీకా మీరు మీ ఇష్టంతోనే వేసుకుంటున్నారా?"

మేస్త్రి తల అటు చివర నుంచి ఇటు చివరికి, ఇటు చివర నుంచి అటు చివరికి, సందేహానికి తావు లేకుండా తిరిగింది. ఇంతకు మించిన నిరాకరణ ఆ బల్ల దగ్గర పొద్దున్నుంచీ ఎవరూ చేసి ఉండరు. చేసి, పని దిగ్విజయంగా ముగిసిందన్నట్టు చొక్కా చెయ్యి పైకి మడుచుకోసాగాడు.

మడతలక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి నేరుగా తాడు దగ్గరికి, ఆమె దగ్గరికి వచ్చాడు. "మీరేనా ఆయన్ని తీసుకొచ్చింది?"

"నేనే బాబూ."

"ఆయనకి ఇష్టం లేదంటున్నారు. బలవంతంగా తెచ్చారా? ఇష్టం లేనివాళ్ళకి మేము వెయ్యకూడదమ్మా."

"ఇష్టమే బాబూ, ఇష్టం లేకపోతే చెయ్యి ఎందుకు మడుచుకుంటారు?"

"మొదటిసారి అన్నిటికీ ఉంది అన్నారు. ఇప్పుడు అన్నిటికీ లేదు అంటున్నారు. ఆయన పేరు కూడా ఆయనది కాదంట. మీరేదో నేర్పించి పంపినట్టుంది."

 ఒకవైపు డాక్టరు, ఒకవైపు కర్ర, బెంచీల మీద జనం. మొగుణ్ణి ఈడ్చుకొచ్చి సూది పొడిపిస్తున్న గయ్యాళిని చూస్తున్నట్టు అందరూ చూస్తున్నారు. గొడుగు పెద్దమనిషి కాస్త దూరం జరిగాడు.

"ఇంకో రోజు రండి. ఇద్దరూ మాట్లాడుకుని రండి" అన్నాడు డాక్టరు.

ఇంకో రోజు అనేది ఎక్కడుంది? కోడలి వేళ్ళు అరిగిపోయినా దొరకని రోజు అది. ఈలోగా ఆయన అరుగు మీదికి వెళతాడు, దగ్గుతాడు, ఎవడో దగ్గితే తల ఊపుతాడు. మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. మడిచిన చెయ్యి మడిచినట్టే ఉంది. ఆ చేతి మీద దూది లేదు. ఎందుకు లేదో ఆయనకు తెలియదు, అడగడు, అడిగితే వినపడలేదని తెలిసిపోతుంది.

సరిగ్గా అప్పుడు ఆమె పేరు పిలిచారు.

ఆమె లేచింది. తాడు దాటింది. నర్సు ఎదుట కూర్చుంది. ఆ కాసేపట్లో ఆమె మనసులో ఏ పథకమూ లేదు, ఉన్నదంతా విసుగు. ఈ తలను ఎన్నేళ్ళు మోయాలి తాను? పక్కవాళ్ళ పిల్లిని మోసింది, ఆకుపచ్చ గోడను మోసింది, ఆయన పేరు మీద పడవలసిన చెవుడును తన నోటి మీద మౌనంగా మోసింది.

"జ్వరం ఉందా అమ్మా?"

మడతలక్క తల అడ్డంగా ఊపింది.

"దగ్గు?"

ఊపింది.

"మీ ఇష్టంతోనే వేసుకుంటున్నారా?"

ఆమె నర్సును చూడలేదు. తాడుకు ఇవతల బెంచీ మీద కూర్చున్న మనిషి కన్నుల్లోకి సూటిగా చూస్తూ, తలను ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పింది. ఒకసారి కాదు. ఆయన ఎన్నిసార్లు తిప్పాడో అన్నిసార్లు.

"మీరు కూడానా?" అన్నది నర్సు. కంప్యూటరు అమ్మాయి నిట్టూర్చి, టకటక ఏదో కొట్టేసింది. "వద్దన్నారు అని పెట్టేస్తున్నా మేడం."

మడతలక్క లేవబోయింది.

మేస్త్రికి చెవులు లేవు కాని కన్నులున్నాయి. ఆ తల ఊపుడును ఆయన గుర్తుపట్టాడు. అది తనదే. ఏ ప్రశ్నకు ఊపిందో తెలియదు కాని, ఊపిన తరువాత ఆమెను తెర చాటుకు పంపకుండా లేవమంటున్నారు. తనను కూడా అలాగే లేపారు. ఒకటికి రెండు సార్లు. అప్పటికి ఆయనకు లెక్క కుదిరింది.

ఆయన లేచి తాడు దగ్గరికి నడిచాడు. గేటు మనిషి కర్ర అడ్డం పెట్టి ఏదో అన్నాడు. వినపడలేదు కనుక ఆగలేదు. తాడు నడుముకు తగిలి, దాన్ని కట్టిన కుర్చీతో సహా ముందుకు సాగింది.

"ఆవిడకి వెయ్యండి" అన్నాడు మేస్త్రి.

అది మగ్గాల షెడ్డులో పెరిగిన గొంతు. గది ఉలిక్కిపడింది. తెర చాటున ఎవరో సూది కింద పడేశారు.

"ఆవిడకి అన్నీ వినపడతాయి. కావాలని ఊపుతోంది. ఆవిడ చెవులు మంచివి. వినపడంది నాకు." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. గది మౌనంగా ఉందో, మాట్లాడుతోందో ఆయనకు తెలియదు; అందుకని మళ్ళీ చెప్పాడు. "నాకు వినపడదమ్మా. నువ్వు ఏం అడిగావో నాకు ఒక్క ముక్క వినపడలేదు. అప్పుడూ వినపడలేదు, ఇప్పుడూ వినపడలేదు. దానికి ఆవిడని ఎందుకు పంపిస్తారు?"

మడతలక్క సగం లేచిన కుర్చీలోనే మళ్ళీ కూర్చుండిపోయింది.

నర్సు ముఖం మీది రేకు సర్దుకుని, మెల్లగా అన్నది: "ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే అయిపోయేది కదా తాతగారూ."

"ఏమంటోంది?" అని మేస్త్రి భార్యను అడిగాడు. జనం మధ్య ఆయన అలా అడగడం ఆమె వినడం అదే మొదటిసారి.

* * *

తరువాతి చిక్కు, ప్రశ్నలు ఆయనకు చేరవేయడం ఎలాగన్నది. నర్సు మాస్కు తీయకూడదు. లోపల మడతలక్కా తీయకూడదు. కాగితం మీద రాద్దామంటే మేస్త్రి కళ్ళజోడు ఇంట్లో ఉంది. డాక్టరు తల గోక్కుంటూ ఉంటే మడతలక్కే కిటికీ చూపించింది. వరండా వైపు కిటికీకి నిండు అద్దం ఉంది. తలుపు బిగించి ఉంది. అవతల ఎవరూ లేరు.

ఆమె బయటికి వెళ్ళి అద్దం ముందు నిలబడి మాస్కు దించింది. పొద్దున్నుంచీ విని విని ఆ ప్రశ్నలు ఆమెకు కంఠస్థమై ఉన్నాయి. గేటు మనిషి కర్ర అలవాటు కొద్దీ పైకి లేచింది. డాక్టరు చెయ్యి చూపితే దిగింది.

జ్వరం వచ్చిందా అన్నాయి ఆమె పెదవులు.

"ఎప్పుడు? చిన్నప్పుడా?"

ఈ మధ్య.

"లేదు."

దగ్గు?

"ఉంది" అన్నాడు మేస్త్రి. నర్సు మళ్ళీ కుర్చీ జరుపుకోబోయింది. "మిల్లులో చేరిన నాటి నుంచి ఉంది. అది రోగం కాదమ్మా, జీతంతో పాటు ఇచ్చారు."

మందులు ఏవైనా పడవా?

"పడని మందు ఒక్కటి ఉంది. ఆ పసుపుపచ్చ గొట్టం మాత్ర. అది మింగుడు పడదు. నీకు చెప్పాను, నువ్వు వినలేదు."

"అది పడకపోవటం కాదు తాతగారూ" అన్నది నర్సు.

"ఏమంటోంది?"

అది అలా ఉంచండి అన్నాయి పెదవులు. ఇంతకాలం ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పని మనిషి ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ భాష్యం చెబుతున్నాడు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. కంప్యూటరు అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. మడతలక్కకు తల ప్రాణం తోకకు వచ్చింది.

చివరి ప్రశ్న. ఆమె నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే అద్దం మీద పెట్టినట్టు అడిగింది. మీ ఇష్టంతోనే వేసుకుంటున్నారా?

మేస్త్రి అద్దం అవతల, ముక్కు మీద మాస్కు గీత ఎర్రగా పడి, చెమటతో తడిసి, కోపంతో అదురుతున్న ఆ ముఖాన్ని చూశాడు. ఎన్నో నెలల తరువాత ఇంటి బయట ఆయన తేరిపార చూసిన మొదటి నిండు ముఖం అది.

"నా ఇష్టం ఏముంది" అన్నాడు నర్సుతో. "ఆవిడ ఇష్టం."

"అలా కుదరదు తాతగారూ. అవును అనాలి."

అవును అనండి అన్నాయి అద్దం అవతల పెదవులు. ఒక్క మాట. నేను నిలబడలేకపోతున్నాను.

"అవును" అన్నాడు మేస్త్రి.

అని, తల ఊపకుండా, చెయ్యి చాచాడు.

* * *

సూది పడింది. అరగంట కూర్చోమని ఆయనను పక్క గదిలోకి పంపారు. ఇక మడతలక్క వంతు కదా అని ఆమె బల్ల దగ్గరికి వస్తే, కంప్యూటరు అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆ తల ఊపుడు చూడగానే మడతలక్కకు కళ్ళు తిరిగినంత పనయింది.

"మీది వద్దన్నారు అని ఎక్కిపోయిందమ్మా. నేను తీద్దామన్నా రావట్లేదు."

"నేను ఇప్పుడు కావాలంటున్నాను కదమ్మా."

"నేను ఒప్పుకుంటాను. ఇది ఒప్పుకోవట్లేదు."

డాక్టరు వచ్చి చూశాడు. ఎవరికో ఫోను చేశాడు. అవతలివాళ్ళు ఇంకెవరికో చేయమన్నారు. అక్కడివాళ్ళు భోజనానికి వెళ్ళారు. "చివరి దాకా కూర్చోండి. ఎవరైనా రాకపోతే, మందు మిగిలితే, మీ పేరు కొత్తగా ఎక్కించి వేస్తాం. మాట ఇవ్వలేను" అన్నాడు.

మడతలక్క పోయి వెనక బెంచీలో కూర్చుంది. ఆమెకు ఇప్పుడు ఎవరి మీద కోపపడాలో తెలియలేదు. మొగుడి మీద పడదామంటే ఆయన చేయవలసింది చేసేశాడు. కంప్యూటరు మీద పడదామంటే అది కూడా ఎవరి మాటా వినని రకమే. తన మీద తాను పడవలసిందే మిగిలింది. ఆ పని కాసేపు చేసుకుంది. చేసిన పనికి విచారం మాత్రం కలగలేదు.

అరగంట అయిన తరువాత మేస్త్రి దూది అదుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయనను వరండా వైపుకు తిప్పి, మాస్కు దించి సంగతి చెప్పింది.

"కోడలికి ఫోన్ చేస్తాను, వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తుంది. మీరు భోంచేసి పడుకోండి."

"నేను వెళ్ళను."

"ఇక్కడ మీరు చేసేదేముంది?"

"నువ్వు ఇందాక ఏం చేశావు? అదే చేస్తాను."

జనం పలచబడ్డారు. కిటికీలో ఎండ బెంచీలు దాటి నల్లబల్ల ఎక్కింది. పేర్లు పిలుస్తూనే ఉన్నారు. పిలిచిన ప్రతిసారీ మేస్త్రి అందరి తలలూ ఎటు తిరుగుతున్నాయో చూసి, తాను కూడా అటు తిరుగుతున్నాడు. కాసేపటికి అది చాలదని తోచినట్టుంది. ముందు బెంచీలోని గొడుగు పెద్దమనిషి భుజం తట్టాడు. ఆ పెద్దమనిషికి ఎప్పుడో టీకా పడింది. ఇంటికి వెళ్ళకుండా ఈ కథ ఎటు తేలుతుందోనని కూర్చున్నట్టున్నాడు.

"అయ్యా, నాకు వినపడదు" అన్నాడు మేస్త్రి, గదికంతా తెలిసేట్టు. "మా ఆవిడ పేరు పిలిస్తే నన్ను కాస్త తట్టు." అని ఆమె పేరు చెప్పాడు. పెళ్ళయిన నాటి నుంచి నలుగురిలో ఆయన నోట ఆమె పేరు వచ్చింది లేదు. ఇదిగో అనేవాడు, ఏమేవ్ అనేవాడు, మిల్లులో అయితే అసలు గొంతే లేకుండా పిలిచేవాడు. గొడుగు పెద్దమనిషి వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి చూసి, సరేనని బొటనవేలు ఎత్తాడు.

మడతలక్క తల పక్కకు తిప్పుకుంది. తన పేరు తనకు వినపడుతుందనీ, చీమ నడిచినా వినపడే చెవులు తనవనీ, ఇందులో ఈయన సాయం ఏమీ అక్కరలేదనీ చెప్పాలనుకుంది. మాస్కు దించాలి, గేటు మనిషి కర్ర ఎత్తుతాడు, ఇదంతా ఎందుకని ఊరుకుంది.

చాలాసేపటికి, కిటికీలు మూయడం మొదలైన తరువాత, కంప్యూటరు అమ్మాయి ఆమె పేరు పిలిచింది. మడతలక్క విన్నది. విని, మోకాళ్ళ మీద చేతులు వేసి లేవబోతూ ఉండగా పెద్దమనిషి గొడుగు మేస్త్రి మోకాలికి తగిలింది. మేస్త్రి గబాలున ఆమె వైపు తిరిగాడు.

"నిన్నే పిలుస్తున్నారు. వినపడలేదా?" అన్నాడు విసుగ్గా.

ఆమె ఆయన చేతిని ఆసరా చేసుకుని లేచి, తాడు దాటి లోపలికి వెళ్ళింది.